పండుగ సున్నం కింద పగులు

చాప ఇటు లాక్కొని దగ్గరగా కూర్చోండి, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. పాతబడిన గుడిని బాగుచేయడానికి చందా ఎలా పోగుచేస్తారు, అందులో ఉపదేశి పని ఏమిటి అని అడిగారు కదా. ఒక్క పండుగ సంగతి చెప్తాను. అది వింటే మిగతాది మీకే తెలిసిపోతుంది.

డెబ్బయ్యో దశకం నడిమి రోజులవి. పాతబస్తీలో జహనుమా పక్కనున్న విచారణకు నన్ను ఉపదేశిగా వేసి అప్పటికి ఆరేళ్ళు. విచారణ అంటే ఒక గురువు చేతి కింద ఉండే కతోలిక కుటుంబాలు, వాళ్ళ గుడి, బడి, సమాధుల దొడ్డి అన్నీ కలిపి. పైన మేత్రాణులు, అంటే బిషప్ గారు. ఆయన కింద మా విచారణ గురువు. ఆయన కింద నేను. పూజ చెప్పే అధికారం ఉపదేశికి ఉండదు. పిల్లలకు జపాలు నేర్పడం, మంచంలో ఉన్నవాళ్ళ దగ్గరికి పోయి ప్రార్థన చెప్పడం, పూజ అయ్యాక ప్రకటనలు వినిపించడం నా పని. నేను చదివింది ఐదో తరగతి. రాసుకునే అలవాటు లేదు. ఏ గల్లీలో ఏ ఇల్లు, ఆ ఇంట్లో ఎవరు రైల్వేలో, ఎవరు మిల్లులో, ఏ పిల్లకు ఎప్పుడు జ్ఞానస్నానం అయింది, అన్నీ తలలోనే పెట్టుకునేవాణ్ణి. ఫాదర్ జోజయ్య గుంటూరు వైపు మనిషి, కొత్తగా వచ్చారు. రిజిస్టరు తెరవబోయి, మళ్ళీ మూసి, నన్నే అడిగేవారు. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడం ఎందుకు.

మా గుడి నిజాం కాలంలో రైల్వే పనివాళ్ళ కోసం కట్టింది. రాతి గోడలు, సున్నపు పని. పైకప్పుకు పాత రైలు పట్టాలను అడ్డంగా వేసి, పట్టాకూ పట్టాకూ మధ్య ఇటుకతో చిన్న చిన్న కమానులు తిప్పారు. కప్పు బరువంతా పట్టాల మీద, పట్టాల కొనలు గోడ లోపల. ఈస్టర్ పండుగ వెళ్ళిన వారం, పీఠానికి ఎడమ పక్క గోడలో ఒక పట్టా కొన కింద నుంచి కిటికీ దాకా పగులు దిగి కనిపించింది. సరిగ్గా దాని కిందే నేల మీద పిల్లల చాప. ఆదివారం పూజకు పిల్లలను ఆ చాప మీద వరసగా కూర్చోబెట్టేది నేనే.

ఫాదర్ కరీం మేస్త్రీని పిలిపించారు. పాతబస్తీలో పాత సున్నపు పని తెలిసిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. నిచ్చెన ఎక్కి గోడ మీద వేలు ముడుచుకొని కొట్టి విన్నాడు. తర్వాత మూడు సన్నని అద్దం ముక్కలు తెచ్చి, పగులుకు అడ్డంగా పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి, రెండు కొసలా సున్నం పెట్టి బిగించాడు.

"దేఖో ఉపదేశి భాయ్. గోడ ఆగి ఉన్నదనుకో, అద్దం గట్లనే ఉంటది. గోడ నడిచిందనుకో, అద్దం పలుగుతది. వానలు పడేదాంక రోజూ చూసుకుంటుండు. ఒక్కటి పలిగినా పిల్లల్ని లేపు, నాకు కబురు పెట్టు" అన్నాడు.

రోజూ పొద్దున గంట కొట్టే ముందు పోయి చూసేవాణ్ణి. మూడూ బాగానే ఉండేవి.

ఆ వారమే విచారణ సంఘం కూర్చుంది. సంఘ పెద్ద లూర్దురాజు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. చందా పథకం వేసింది ఎక్కువగా ఆయనే, తప్పు చెప్పకూడదు, బాగా వేశాడు. గల్లీకి ఒక జంట, ఒక మగాయన, ఒక ఆడామె. మగవాళ్ళు మాత్రమే పోతే ఇంటామె లోపలే ఉండిపోతుంది, ఇంటామె ఒప్పుకోనిది ఏదీ బయటికి రాదు. రైల్వే వాళ్ళ ఇళ్ళకు జీతం పడిన మరునాడు, మిల్లు వాళ్ళకు వాళ్ళ రోజున. ఇవ్వలేనివాళ్ళు పని రోజులు రాయించవచ్చు. ఇనుము సంగతి బేగంబజార్‌లో ఒక సేఠ్‌ను ఫాదర్ స్వయంగా అడగాలి. గల్లీలో మొదట ఏ ఇంటికి పోవాలన్నది మాత్రం నా వంతు. మొదటి ఇల్లు ఎంత రాయిస్తే గల్లీ అంతా దానికి అటూ ఇటూ రాయిస్తుంది. ఉన్నవాళ్ళింటికి ముందు పోతే వెనకవాళ్ళు భయపడి తలుపు వేసుకుంటారు, లేనివాళ్ళింటికి పోతే ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. నడిమి ఇల్లు ఏదో తెలియాలి. అది నాకు తెలుసు.

కానీ మా విచారణ ఒక్కటే మోయగల పని కాదది. హద్దు దాటి వేరే గుళ్ళ ముందు నిలబడి అడగాలంటే మేత్రాణుల అనుమతి కాగితం ఉండాలి. జూన్‌లో మా గుడి పాలక పునీతుని పండుగ, ఆదివారం పడింది. పండుగ పూజకు మేత్రాణులే వస్తున్నారు. అప్పుడు అర్జీ ఇచ్చి, గోడ చూపించి, ఆయన నోటితోనే అందరికీ చెప్పించాలని అనుకున్నాం. అంతవరకు పగులు మాట బయటికి పొక్కకూడదన్నాడు లూర్దురాజు.

"జూన్‌ల బడి తెరుస్తం. గిప్పుడే బయటపెట్టినమనుకో, పిల్లల్ని వేరే బడిల ఏస్తరు. బడి ఖాళీ అయినంక గుడికి ఎవడిస్తడు? పండుగ దాంక నోరు కట్టేసుకోవాలె. ఉపదేశన్నా, నీకే చెప్తున్న, నీ కడుపుల మాట ఆగది."

ఆగుతుందని చూపించడానికే నేను తల ఊపాను.

ఇప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో వినండి. పండుగకు ముందు గుడికి సున్నం వేయడం మా విచారణలో ఆడవాళ్ళ మొక్కు. కూలి ఇచ్చి వేయించరు. ఎవరి ఇంట్లో ఆ ఏడు కష్టం గట్టెక్కిందో వాళ్ళు ముందుంటారు. ఆ ఏడు ముందున్నది అన్నమ్మ. ఆమె పెనిమిటి రైల్వేలో గ్యాంగ్‌మన్, కాలు తీసేయాలన్నారు, తీయకుండానే నడిచాడు. అందుకు ఆమె పీఠం పక్క గోడ తన చేత్తో వేస్తానని మొక్కుకుంది. సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, కొంగు నడుముకు చెక్కి వచ్చింది.

"అన్నమ్మా, గీ గోడ ఈసారికి వద్దు తీ."

"ఎందుకొద్దు?"

"తడున్నది" అన్నాను.

"గీ ఎండకు తడి ఏడిదన్నా? నీ కండ్లల్ల ఉన్నదేమో చూసుకో" అంది. వెంట ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. "మూడు గోడలు తెల్లగ, ఒక్క గోడ మసిగ ఉంటే బిషప్ తండ్రి ఏమనుకుంటడు? వీళ్ళకు సున్నానికి గతి లేదనుకోడా? పో, ఇంటికాడ పని చూసుకో పో."

అద్దం ముక్కలు చూసి, "పోరగాండ్లు గోడకు ఏమేమి అతికిస్తరో" అని తనలో తనే గొణుక్కుంది. నేను అక్కడే నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే సంఘం మాట తప్పినట్టు. పలచని సున్నమే కదా, తర్వాత నేనే తుడిచి చూసుకుంటానులే అనుకొని తప్పుకున్నాను. సాయంత్రం వచ్చి చూస్తే గోడ పెళ్ళికూతురి చీరలా ఉంది. ఆమె కుంచె తిప్పి ఊరుకోలేదు, సున్నపు ముద్దలు చేసి పగులులో కూరి, బొటనవేలితో ఒత్తి, చదును చేసింది. ఎక్కడ పగులు, ఎక్కడ అద్దం, నాకే తెలియలేదు. తుడవాలంటే ఆమె మొక్కు తుడవాలి. తుడవలేదు.

మరుసటి ఆదివారం పిల్లలు మామూలుగా వచ్చి చాప మీద కూర్చున్నారు. కూర్చోబెట్టింది నేనే. పూజ సాగినంతసేపు నేను పీఠం వైపు చూడలేదు, ఆ గోడ వైపే చూశాను. పాటలో పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మా చిన్నది కూడా ఆ వరసలోనే ఉంది, పక్కపిల్ల జడ లాగుతూ. పూజ అయి చివరి పిల్ల గడప దాటేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

సోమవారం ఫాదర్ కొవ్వొత్తులు, సాంబ్రాణి తెమ్మని బేగంబజార్ పంపారు. కరీం అక్కడే ఒక గోదాము పనిలో ఉన్నాడని తెలుసు. పోయి చూశాను. గోడకు కట్టిన పారంచి కర్రల మీద కూర్చొని రాయి కడుగుతున్నాడు. కింద నిలబడి పిలుద్దామనుకున్నాను. పిలిస్తే 'అద్దాలు ఎట్లున్నయి' అని అడుగుతాడు. సాంబ్రాణి పొట్లం చంకలో పెట్టుకొని వెనక్కి వచ్చేశాను. రాత్రి పెట్టిన అన్నం వదిలేసి లేచాను. మా ఇంటామె జ్వరమేమో అని నుదురు పట్టి చూసింది.

గురువారం కరీం తనే వచ్చాడు. మృగశిర కార్తె దగ్గరపడింది, మబ్బులు పట్టాయి, ఒకసారి చూసిపోదామని వచ్చానన్నాడు. గోడ మీద అరచేయి పెట్టి పైనుంచి కిందిదాకా నిమిరాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఉపదేశి భాయ్, నా చౌకీదార్లకు కండ్లు కట్టేసినవా?" అన్నాడు.

నీళ్ళు చల్లి, తాపీ అంచుతో మెల్లగా గీకాడు. పై అద్దం బాగుంది. కింది అద్దం బాగుంది. నడిమిది రెండు ముక్కలై ఉంది.

"గోడ వల్ల పలిగిందా?" అని అడిగాను.

"గోడ వల్ల పలిగిందో, ఒత్తితే పలిగిందో, ఇప్పుడు ఎవరు చెప్తరు? సున్నం ఏసినామెను అడుగు."

అన్నమ్మను పిలిపించాం. ఫాదర్, లూర్దురాజు కూడా వచ్చారు. ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఒత్తుతుంటే వేలు తెగిందట.

"తెగినంక చూసిన, పలిగే ఉన్నది" అంది. "నేను పలగ్గొట్టిననో, ముందే పలిగి ఉన్నదో నాకేమెరుక? గది చూడాలెనని నాకెవరన్న చెప్పిన్రా?"

ఆమె గోడను చూసింది, గీకిన చోట నల్లగా పగులును చూసింది, కిందున్న చాపను చూసింది. నన్ను మాత్రం చూడలేదు. అట్లాగే వెళ్ళిపోయింది.

కరీం కొత్త అద్దం బిగించి, రెండు రోజుల్లో ఇది ఏమీ చెప్పదన్నాడు. ఆదివారం ఆ కప్పు కింద అంతమంది కూర్చుంటే ఎట్లా అని ఫాదర్ అడిగితే, "కూసోవచ్చు, కూసోవద్దు, రెండూ నేను చెప్పలేను ఫాదర్ సాబ్. నా పిల్లలైతే కూసోబెట్ట" అన్నాడు.

లూర్దురాజు పూజ లోపలే జరగాలన్నాడు. బిషప్ గారిని ఆరుబయట నిలబెడితే ఊరంతా ఎందుకని అడుగుతుంది, పథకం పట్టాలు తప్పుతుంది, ఇంకో మూడు రోజులే కదా అన్నాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. సంఘంలో ఉపదేశికి చోటు ఉంటుంది కానీ ఓటు ఉండదు, అడిగితేనే మాట్లాడాలి. ఆ రోజు అడగకుండానే మాట్లాడాను. చాప మీద పిల్లలను కూర్చోబెట్టేది నేను, ఈ ఆదివారం కూర్చోబెట్టనని చెప్పాను. ఎందుకో అడిగితే వాళ్ళ తల్లులకు చెప్తానన్నాను.

"గట్లైతే ఇన్నొద్దులు ఎందుకు దాచినవే?" అన్నాడు లూర్దురాజు.

ఫాదర్ లేచి, "చెప్పడమైతే ఇవాళే చెప్పండి. మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను" అన్నారు.

పండుగకు ముందు తొమ్మిది రోజులు సాయంత్రం ప్రార్థనలు ఉంటాయి, గుడి నిండుతుంది. పిల్లలు అలవాటుగా చాప మీద చేరుతుండగానే, జపమాల మొదలుకాకముందే ముందుకు పోయి నిలబడ్డాను. ఫాదర్ అన్నట్టే వచ్చి పక్కన నిలబడ్డారు. పగులు ఎప్పుడు చూశామో, అద్దాలు ఎందుకు పెట్టామో, ఎవరెవరికి తెలుసో, సున్నం వేస్తుంటే నేను పక్కనే ఉండి ఎట్లా ఊరుకున్నానో, పోయిన ఆదివారం తెలిసి తెలిసీ పిల్లలను అక్కడే కూర్చోబెట్టానని, వరసగా చెప్పాను.

లొల్లి అవుతుందనుకున్నాను. కాలేదు. వెనక నుంచి ఒక తల్లి నడిచి వచ్చి, చాప మీది తన పిల్లను చేయి పట్టి లేపి, బయటికి తీసుకుపోయింది. తర్వాత ఇంకొకామె. తర్వాత అందరూ. నా ముందు చాప ఖాళీ అయింది. ఆ రోజు ప్రార్థన వాకిట్లో నిలబడి ముగించాం. అయిపోయాక అన్నమ్మ నా ముందుకు వచ్చింది.

"గిన్నొద్దులు మా పిల్లల్ని గా గోడ కింద కూసోబెట్టి పాటలు నేర్పినవ్. బిషప్‌కు చెప్పాలెననుకున్నరు, బయటోళ్ళకు చెప్పాలెననుకున్నరు. గోడ కింద కూసునేటోళ్ళకు మాత్రం చెప్పద్దనుకున్నరు. మేమేమన్న పరాయోళ్ళమా అన్నా?"

తిట్టినా బాగుండేది. ఆమె మామూలు గొంతుతోనే అడిగింది.

మరునాడు పొద్దున నేను పోయేసరికి ఆమె గోడ దగ్గరే ఉంది. చేతిలో ఇటుక ముక్క, పక్కన నీళ్ళ బకెట్టు. కరీం గీత గీసిచ్చిన మేర, కప్పు కింద నుంచి కిటికీ దాకా, తను వేసిన సున్నం తనే గీకుతోంది. ఆమెతో ఇంకో ముగ్గురు. నేను చేయి వేయబోతే, "నువ్వు వాకిట్ల పూజకు శామియానా చూసుకో పో" అంది.

పండుగ పూజ వాకిట్లో జరిగింది. పూజ తర్వాత మేత్రాణులు లోపలికి వచ్చి, తెల్లని గోడ మీద ఆ నల్లని పట్టీ ముందు నిలబడ్డారు. ఎవరు గీకించారని అడిగారు. వేసినవాళ్ళే గీకారని ఫాదర్ చెప్పారు. వారంలో అనుమతి కాగితం వచ్చింది. దానితో పాటు ఒక ఆజ్ఞ కూడా వచ్చింది, మరమ్మతు అయ్యేదాకా గుడికీ, ఆ గోడను ఆనుకొని ఉన్న బడి గదులకూ తాళం.

లూర్దురాజు భయపడినట్టే బడిలో పిల్లలు తగ్గారు. కొన్ని కుటుంబాలు దూరపు గుడికి పోవడం మొదలుపెట్టాయి, కొందరు మళ్ళీ తిరిగి రానే లేదు. అది కూడా చెప్పాలి. పథకం మాత్రం మారింది. ఇంటింటికీ పోయే ముందు ఒక్కో గల్లీని ఒక్కో సాయంత్రం గుడి గడప దగ్గరికి పిలిచి, తలుపు తీసి, కరీం చేత గోడ చూపించాలని ఆడవాళ్ళు పట్టుబట్టారు. "ముందు చూడుండ్రి, ఇచ్చుడు తర్వాత" అని అన్నమ్మే నిలబడి చెప్పేది. నా నడిమి ఇంటి లెక్క పెద్దగా అవసరం పడలేదు. చూసి పోయినవాళ్ళు నేను అనుకున్నదాని కంటే ఎక్కువే రాయించారు. జహనుమా నుంచి కరీంతో పనిచేసే ఇద్దరు వచ్చి పని రోజులు రాయించిపోయారు.

వానాకాలమంతా వాకిట్లో తాటిపత్రి గుడ్డల కింద పూజ. నీళ్ళు మెడలోకి కారేవి. కొత్త అద్దం మాత్రం విరగలేదు. ప్రతి ఆదివారం లూర్దురాజు అడిగేవాడు.

"ఏమంటున్నది నీ అద్దం?"

"మంచిగనే ఉన్నది."

"మనం తడుస్తున్నం, అది మంచిగున్నది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికి పోయాక నవ్వు వచ్చేది కాదు. నా మాట పట్టుకొని ఇంతమంది వానలో నిలబడ్డారు, బడి సగమైంది, గోడ చూస్తే కదలకుండా ఉంది. ఉత్త పుణ్యానికే తాళం వేయించానా అని ఆ నాలుగు నెలలూ నన్ను తొలిచింది.

దసరా దాటాక, వానలు వెనకపట్టాక, కరీం కప్పుకు కింద దుంగలు నిలబెట్టి, పట్టా కొన చుట్టూ రాళ్ళు ఊడదీశాడు. మేమంతా వాకిట్లో నిలబడ్డాం. కాసేపటికి లూర్దురాజును లోపలికి పిలిచి ఆయన అరచేతిలో ఏదో పెట్టాడు. పట్టా కొన తుప్పు. పొరలు పొరలుగా ఊడి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యేటంత. గోడలో ఆ పట్టాకు మిగిలిన పట్టు వేలెడంత లేదు. గోడ నడవకపోయినా కప్పు దిగేదే, అద్దం దానికి సాక్ష్యం చెప్పలేదని కరీం అన్నాడు. లూర్దురాజు ఆ ముక్కను తిప్పి తిప్పి చూశాడు. జీవితమంతా పట్టాల మీద బండి నడిపించిన మనిషి.

"గిసొంటి పట్టా మీదికెళ్ళి నేనైతే బండి పోనియ్య" అన్నాడు. ఆ తర్వాత అద్దం మాట ఎప్పుడూ ఎత్తలేదు.

పని పూర్తికావడానికి ఇంకో వానాకాలం పట్టింది. నేను ఆ విచారణలోనూ, తర్వాత ఇంకో రెండు చోట్లా ఇలాంటి చందాలు నడిపాను. ఆ ఏడు నేర్చుకున్నది రెండు మాటల్లో చెప్పవచ్చు. చందా పథకంలో మొదటి పని జాబితా వేయడం కాదు, ఎవరిని అడగబోతున్నామో వాళ్ళకు పగులు చూపించడం. రెండోది, నలుగురి ప్రాణాలకు సంబంధించిన సంగతి ఒక్కడి తలలో ఉండకూడదు. ఆ తల ఎంత బాగా గుర్తుపెట్టుకునేదైనా, నోరు తెరవాల్సినప్పుడు తెరవకపోతే అది ఎవరికీ పనికిరాదు.

సరే, చీకటి పడకముందే లేవండి. మీ ఇంటి కప్పు కింద కూర్చునే వాళ్ళందరూ చల్లగా, నిండుగా ఉండాలి. మీ పొయ్యి మీద గిన్నె, మీ గడపలో పిల్లల చెప్పులు ఎప్పుడూ కరువు కాకూడదు. దేవుడు మీ ఇంటిని కాపాడుగాక.